దగ్గు ఎన్ని దినాల నుంచి?

మొదటి రోజు, బుధవారం. అనంతపురం

ఈ ప్రయాణం ఉగాదికి గుంతకల్లులో చిన్నాన్న ఇంటికి పోదామని పెట్టుకున్నది. చిన్నాన్నకు టీబీ అని జనవరిలో తేలింది. దగ్గు మొదలైంది మాత్రం వినాయక చవితికి. మధ్యలో పోయిన నాలుగు నెలల లెక్క నాకు తెగలేదు. మనిషి ఇంట్లో దాక్కోలేదు, వైద్యం వద్దనలేదు, చూపించుకుంటూనే ఉన్నాడు. మరి ఎవరికీ ఎందుకు దొరకలేదు? బెంగళూరులో నాలుగు రోజులు సెలవు రాసిచ్చి, గుంతకల్లుకు నేరుగా పోకుండా చుట్టు తిరిగి పోదామని బయల్దేరాను.

రాత్రి పదకొండుకు ఎక్కిన బస్సు మూడున్నరకే అనంతపురంలో దించేసింది. తెల్లారేదాకా బస్టాండు బెంచీ మీద కూర్చుని, ఏడింటికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక గానీ బెంగళూరు వదిలిపెట్టిన సంగతి ఒంటికి తెలియలేదు.

డిగ్రీలో నా బెంచీ వాడొకడు ఇక్కడే టీబీ విభాగంలో ల్యాబ్ సూపర్‌వైజరు. మైక్రోస్కోపు ఉన్న ఆసుపత్రులన్నీ తిరిగి, టెక్నీషియన్లు చూసిన స్లైడ్లు కొన్ని ఏరి తెచ్చి, జవాబు చెప్పకుండా ఇంకొకరితో చూపించి సరిపోల్చడం వాడి పని. గేటు మీద మార్చి 24 బ్యానరు ఇంకా ఊడలేదు. 1882లో ఆ తేదీనే రాబర్ట్ కోఖ్ బెర్లిన్‌లో టీబీ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించాడు. అందుకే అది ప్రపంచ క్షయ దినం.

"ఏం మామా, మా ల్యాబు చూసేకి బెంగళూరు నుంచి వచ్చినావా? నీకేమన్నా దగ్గుందా?" అన్నాడు.

నవ్వేశాను. వాడు నవ్వలేదు. అది వాడికి పలకరింపు. ఎవరొచ్చినా ముందు అదే అడుగుతాడట, ఆ తర్వాతే టీ.

నాకు తెలియని సంగతి ఒకటి చెప్పాడు. దేశమంతటికీ క్షయ కార్యక్రమం 1962లో మొదలైంది. దానికి ముందు బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ ఒక జిల్లాను ఎంచుకుని, పద్ధతి పనికొస్తుందో లేదో అక్కడ చేసి చూసింది. ఆ జిల్లా మాది. 1961లో నమూనా జిల్లా క్షయ కేంద్రం పెట్టింది అనంతపురంలోనే. అంతకు ముందు టీబీ అంటే కొండగాలికి కట్టిన శానిటోరియం, ఏడాది మంచం. మద్రాసులో చేసిన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు మింగినా అంతే బాగవుతుందని 1959లో తేల్చింది. ఇక మిగిలిన ప్రశ్న రోగిని కనుక్కోవడం ఎట్లా అన్నది. దానికి వాళ్ళిచ్చిన జవాబు చాలా మామూలుది. దగ్గుతో మామూలు ఆసుపత్రికి వచ్చిన మనిషి తెమడను అక్కడే పరీక్ష చెయ్యడం.

అదే కాలంలో మన మడకశిర పక్కనున్న తుమకూరు జిల్లా పల్లెల్లో దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంకో పని చేశారు. టీబీ ఉన్నవాళ్ళను సర్వేలో పట్టుకుని, మీకేమన్నా బాధ తెలిసిందా, తెలిస్తే ఏం చేశారు అని అడిగారు. 1963లో అచ్చయింది. చాలామందికి ఒంట్లో బాగాలేదని తెలుసు. సగం మందికి పైగా ఏదో ఒక ఆసుపత్రి మెట్లెక్కినవాళ్ళే. వాళ్ళలో చాలామందికి అక్కడ దొరికింది దగ్గుమందు సీసా.

"జనాలకు తెలివి లేదు, రారు అంటారు గదా. వచ్చినోళ్ళకు సీసా ఇచ్చి పంపినారు మామా," అన్నాడు వాడు. అరవై ఏళ్ళ కిందటి కాగితం గురించి నిన్న జరిగినట్టు కోప్పడుతున్నాడు. నాకు చిన్నాన్న గుర్తొచ్చాడు.

మధ్యాహ్నం గది చీకటి చేసి మైక్రోస్కోపు చూపించాడు. పాత పద్ధతిలో ఎర్ర రంగు వేసి, వేడి చేసి, ఆమ్లంతో కడిగి, నీలం రంగు పూస్తారు. నీలం మీద ఎర్రటి పుల్లల్లా క్రిములు నిలబడతాయి. ఎల్ఈడీ మైక్రోస్కోపులో వేరే రంగు, నల్లటి తెర మీద సన్నటి పసుపు గీతలు మెరుస్తాయి. నాకు మొదట ఏమీ కనబడలేదు. రెండో నిమిషంలో ఒకటి, ఆ తర్వాత నాలుగైదు. ఊపిరి బిగపట్టుకుని చూశాను.

"ఈ గీత కనపడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో ఐదు వేల నుంచి పది వేల దాకా క్రిములుండాల. అంతకన్నా తక్కువుంటే మనం 'లేదు' అని రాస్తాం. మనిషి ఇంటికి పోయి దగ్గుతానే ఉంటాడు," అన్నాడు.

అందుకే ఇప్పుడు క్రిమి జన్యువును పట్టే మిషన్లు. సీబీనాట్ అని మన దగ్గర పిలిచే జీన్‌ఎక్స్‌పర్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఒప్పుకుంది. రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో చెబుతుంది. గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ 2020లో ఆ జాబితాలో చేరింది. అది బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోయే ఊళ్ళకు పనికొస్తుంది. ఇన్ని ఉన్నా, వాడి చేతిలోని రిజిస్టరులో ఒక కాలమ్ నిండా ఒకటే మాట కనబడింది: 'లాలాజలం'. అంటే తెమడ ఇవ్వమంటే ఉమ్మి ఇచ్చారు. అంత ఖరీదైన మిషనులో ఉమ్మి పోస్తే, ఉమ్మిలో ఏమీ లేదనే చెబుతుంది.

పోయేటప్పుడు రెండు ఖాళీ డబ్బాలు నా సంచిలో వేశాడు. "ఊళ్ళు తిరుగుతావు గదా, అక్కరకొస్తాయి."

రెండో రోజు, గురువారం. తాడిపత్రి

పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. ఊరు దగ్గర పడేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా బండలు, పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి బురద కాలువలు. చెట్లు కూడా తెల్లగానే ఉన్నాయి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాల చెక్కడం చూస్తూ ఒక గంట నిలబడ్డాను. రాయిని చెక్కి ఈ ఊరు ఎప్పటి నుంచో బతుకుతోంది.

ఒక ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో శిబిరం. స్నేహితుడు ఫోన్ చేసి చెప్పి ఉంచాడు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాన్ని మొదటిసారి చూశాను. పెద్ద కెమెరాలా ఉంది. మనిషి ఛాతీకి పలక ఆనించుకుని నిలబడతాడు, క్లిక్‌మంటుంది, ల్యాప్‌టాప్‌లో ఊపిరితిత్తులు కనిపిస్తాయి. అనుమానమున్న చోట కంప్యూటరే రంగు పూసి ఒక మార్కు వేస్తుంది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ ఎక్స్‌రేలు ఇట్లా కంప్యూటరుతో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

దగ్గు లేనివాళ్ళకు ఎక్స్‌రే ఎందుకు తీస్తున్నారని అడిగాను. 2019 నుంచి 2021 వరకు దేశమంతా టీబీ సర్వే జరిగింది. అందులో దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది ఎక్స్‌రే వల్లే దొరికారు. లక్షణాలు అడిగి వదిలేసి ఉంటే వాళ్ళు తప్పిపోయేవాళ్ళు. అదే సర్వేలో, లక్షణాలున్నా ఎక్కడా చూపించుకోని వాళ్ళు నూటికి 64 మంది దాకా తేలారు. నిన్నటి కాగితానికి ఇది కాస్త ఎదురు సాక్ష్యం. సాయంత్రం ఫోన్లో స్నేహితుడితో అంటే, "రానోళ్ళ సంగతి రానోళ్ళది, వచ్చినోళ్ళ సంగతి చెప్పు ముందు," అని పెట్టేశాడు.

ఇక్కడ చిక్కు దుమ్ము. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. అట్లా పాడైన ఊపిరితిత్తి టీబీకి తొందరగా లొంగుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. కంప్యూటరు మార్కు వేస్తుందే గానీ తెమడ చూస్తే తప్ప తేలదు. పనివాళ్ళకేమో దగ్గు ఒక లెక్కే కాదు.

"ఇది బండల దగ్గు సార్. పన్లో చేరినప్పట్నుంచీ ఉంది. దీనికేం పరీక్ష?" అన్నాడొకాయన. మీసాల మీద కూడా సున్నం లాంటి పొడి.

నేనున్నంతసేపట్లో నలభై మంది దాకా ఎక్స్‌రే తీయించుకున్నారు. ఐదుగురిని తెమడ ఇమ్మన్నారు. ఇద్దరు షెడ్డు వెనక్కి పోయి ఇచ్చారు. ఇద్దరు, మేస్త్రీ పిలుస్తున్నాడని పోయి మళ్ళీ రాలేదు. పూట కూలి పోతుంది మరి, వాళ్ళనేమనగలం? ఐదో ఆయనకు రంజాన్ ఉపవాసం. నోరెండిపోయి ఉంది, తెమడ రాదు. ఆయన తడబడుతుంటే అక్కడున్న ఆశా కార్యకర్త, "ఇప్పుడొద్దులే అన్నా. రేప్పొద్దున సహరీకి లేస్తారు గదా, లేవగానే తీసిపెట్టు. తెల్లారిజాము తెమడే మంచిది. నేనొచ్చి తీస్కపోతా," అంది. ఆయన ముఖంలో బరువు దిగింది. డబ్బాను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు ఏ శిక్షణలోనూ మార్కులు పడి ఉండవు.

మూడో రోజు, శుక్రవారం. గుంతకల్లు

గుత్తి మీదుగా వచ్చాను. కొండ మీద కోట ఎండకు ఇనుములా మెరుస్తోంది. దిగాలనిపించలేదు.

చిన్నాన్న వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బట్టల కొట్టులో గుమాస్తా, రోజంతా నిలబడే మనిషి. జనవరిలో ముప్పై ఎనిమిది కిలోలకు దిగాడట. ఇప్పుడు నలభై నాలుగు. "మొదట్లో ఒంటికి పోతే ఆరంజి రసం మాదిరి వస్తాంటే బో భయపడినాను రా," అని నవ్వాడు. రిఫాంపిసిన్ రంగు అది. నాలుగు మందుల రెండు నెలలు అయిపోయి, మూడు మందుల నాలుగు నెలలు నడుస్తున్నాయి.

చిన్నమ్మ లోపల ఎండుమిర్చి వేయిస్తోంది. ఇల్లంతా ఘాటు. నేనూ దగ్గాను, ఆమె కూడా దగ్గింది.

అన్నం తిన్నాక ఫైలు అడిగాను. నాకు కావలసిన లెక్క అందులోనే ఉంది. పదకొండు చీటీలు. మొదటి మూడు, వీధి చివర ఆర్‌ఎంపీవి. అక్కడ సూది మందు, దగ్గు సిరప్. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఇంకో రకం సిరప్. రక్త పరీక్ష చేశారు, టైఫాయిడు అన్నారు, గుండె పరీక్ష కూడా చేశారు. అక్టోబరు చీటీలో లెవోఫ్లాక్ససిన్ ఉంది. ఆ మాత్రలకు పది రోజులు జ్వరం తగ్గి, అందరూ సంతోషించారు. ఆ మందు టీబీ క్రిమిని కూడా కాస్త నొక్కి పెడుతుంది, కానీ అదొక్కటే జబ్బును పూర్తిగా మాన్పదు. తగ్గినట్టే కనబడి జబ్బు మళ్ళీ లేస్తుంది. ఈలోగా ఒక నెల పోతుంది. పదకొండు చీటీల్లో మూడు రకాల సిరప్‌లు, రెండు రకాల బలం మందులు ఉన్నాయి. తెమడ పరీక్ష అన్న మాట ఒక్క చీటీలో లేదు. ఎన్ని రోజుల నుంచి దగ్గు అన్నది రెండింట్లోనే రాశారు. తక్కినవాటిలో 'దగ్గు' అని ఊరుకున్నారు.

"మరి ఎవరు పట్టుకున్నారు?"

"ఇంటింటికీ తిరిగే ఆశా అమ్మాయి. వేరే పనికి వచ్చింది. నేను మంచం మీద దగ్గుతాంటే, 'మామా, ఎన్ని దినాల నుంచి?' అనింది. చవితి నుంచి అన్నా. ఆ పిల్ల మొగం మారిపాయ. డబ్బా ఇచ్చి కూర్చోబెట్టి నేర్పించింది."

ఎట్లా నేర్పిందో చిన్నాన్న చేసి చూపించాడు. లేవగానే నీళ్ళతో నోరు పుక్కిలించాలి. ఇంట్లో కాదు, గాలి ఆడే చోట నిలబడాలి. నిండుగా ఊపిరి తీసి రెండుసార్లు వదిలి, మూడోసారి తీసి, పొట్ట లోపల నుంచి దగ్గాలి. నోట్లో నురగ కాదు, గళ్ల రావాలి, చిక్కగా, రెండు చెంచాల లోపు చాలు. డబ్బా పైన పేరు రాసి మూత బిగించాలి. నేర్పడానికి ఆ పిల్లకు పట్టింది ఐదు నిమిషాలట. తెమడ ఇచ్చిన మర్నాడే ఫలితం వచ్చింది. పదకొండు చీటీలకైన ఖర్చు నేనిక్కడ రాయను. చిన్నమ్మకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఫైలు చివర ఇంట్లోవాళ్ళ పేర్లు రాసిన కాగితం కూడా ఉంది. రోగితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళను కూడా చూడాలి. చిన్నమ్మ పేరు ఎదురుగా 'లక్షణాలు లేవు' అని ఉంది. చదివి మడిచిపెట్టాను.

నాలుగో రోజు, శనివారం. ఆదోని, కోసిగి

గుంతకల్లు నుంచి రాయచూరు వైపు పోయే ప్యాసింజరు. ఆదోనిలో దిగి పత్తి మార్కెట్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, టీ తాగి, మళ్ళీ బండెక్కి కోసిగి. ఈ పడమటి మండలాల్లో వానలు పడి పంట ఇంటికొచ్చినా రాకపోయినా, చలికాలం దాటేసరికి ఊళ్ళు సగం ఖాళీ. సుగ్గికి, అంటే కూలికి వలస, పోతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, హైదరాబాదు, బెంగళూరు కట్టడాలకు కొందరు. పిల్లాజెల్లా, వంటపాత్రలతో సహా పోతారు. ఇళ్ళకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు. ఉగాదికి మాత్రం కొందరు వస్తారు.

ఊరి పేరు రాయడం లేదు. విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే డాక్టరు లేని చోట క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగి, ఇరవై ఐదేళ్ళ అమ్మాయి. ఆమె బల్ల మీద ప్రభుత్వం ఇచ్చిన రిజిస్టర్లు కాక, ఇంకో నోటుబుక్కు. సొంతంగా రాసుకున్నది. ఎవరి కుటుంబం ఎక్కడికి పోయింది, ఏ నంబరుకు చేస్తే దొరుకుతారు, మళ్ళీ ఎప్పుడొస్తారు. కొన్ని పేర్ల పక్కన చిన్న 'ద' అక్షరం. దగ్గు.

"మిరప చేలో దగ్గితే మిరప ఘాటు అనుకుంటారు సార్. అక్కడ టార్పాలిన్ గుడిసెల్లో ఒక్కదాంట్లో పదిమంది. ఇక్కడ దొరికేది పండగ నాలుగు దినాలే. నేను పండక్కి మా ఊరికి పోతే ఇంగ అంతే," అంది. పోలేదు.

పొద్దున్నే రెండు డబ్బాలు వచ్చి ఉన్నాయి. మూత తీయకుండానే, వెలుతురుకు పట్టి చూసి ఒకటి సరే అంది. రెండోది ఉమ్మి. ఆ మనిషిని మళ్ళీ పిలిపించి, క్లినిక్ వెనక వేపచెట్టు కింద నిలబెట్టి, తాను గాలి వచ్చే వైపు దూరంగా నిలబడి, "పొట్టలోంచి మామా, పొట్టలోంచి" అని అరుస్తోంది. పక్కింటి పిల్లలు నవ్వుతున్నారు. నాలుగో ప్రయత్నంలో వచ్చింది. ఒక మిషను కన్నా, ఒక యాప్ కన్నా, ఈ రెండో అవకాశం ఇచ్చే ఓపిక ఎన్ని చోట్ల ఉందో లెక్క తీస్తే బాగుండు.

రేపు ఉగాది, ఎల్లుండి రంజాన్. మధ్యాహ్నంలోపు పోకపోతే మంగళవారం దాకా ఆగాలి. మొదట ఫోన్ చేసిన చోట చిప్పులు అయిపోయాయన్నారు. ట్రూనాట్‌లో ఒక్కో పరీక్షకు ఒక్కో చిప్పు పెట్టాలి, అది లేకపోతే మిషను పెట్టెతో సమానం. ఇంకో చోటికి చేసింది, రమ్మన్నారు. ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెలో డబ్బాలు సర్ది, కుర్రాడిని బైకు మీద పంపింది. రిపోర్టులు రాకముందే ఒకటి అడిగాను, తేలితే ఇతను మళ్ళీ గుంటూరుకు పోడా అని. పోతాడు, పోనివ్వాలి అంది. టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ ని-క్షయ్‌లో పేరు ఎక్కించి అక్కడి కేంద్రానికి మారిస్తే మందులు అక్కడే ఇస్తారు. మార్చడం ఒక నొక్కు. వాళ్ళు దాన్ని అవతల అందుకున్నారా లేదా అని ఫోన్ చెయ్యడం ఈమె వారం పని.

సాయంత్రం ఆరున్నరకు ఆమె ఫోన్ మోగింది. మొదటి డబ్బాలో ఉంది. రిఫాంపిసిన్ పనిచేస్తుంది. రెండోదాంట్లో లేదు. ఆమె కాసేపు ఫోన్ చూస్తూ కూర్చుని, చున్నీ సర్దుకుని లేచింది. ఆ ఇంటి గుమ్మానికి అప్పుడే మామిడాకులు కడుతున్నారు. నేను వీధి మలుపు దగ్గరే ఆగిపోయాను.

ఐదో రోజు, ఆదివారం. మళ్ళీ గుంతకల్లు

తెల్లవారుజామున బండి దిగి ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ వాకిలి కడిగి ముగ్గేస్తోంది. వంగి ముగ్గేస్తూ మధ్యలో ఆగింది, గోడకు చేయి ఆనించి దగ్గింది. మిరపకాయలు లేవు, పొయ్యి ఇంకా వెలిగించలేదు.

నాలుగు రోజులుగా ఊరూరా విన్న మాట నా నోటికి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబితే సిగ్గుపోతుంది. స్నానం చేసి, పచ్చడి తిని, చిన్నాన్న ఫోన్లో పంచాంగ శ్రవణం సగం విన్నాక అడిగాను.

"చిన్నమ్మా, ఈ దగ్గు ఎన్ని దినాల నుంచి?"

"నాకేం దగ్గు రా. చలికి వచ్చింది, పోతాది."

"చలి ఎప్పుడో పోయింది గదా. ఎన్ని దినాలు?"

వేళ్ళు మడిచింది. చిన్నాన్న ఫోన్ శబ్దం తగ్గించాడు. "సంక్రాంతి ముగ్గులు పెట్టేటప్పుడు ఉనింది," అంది మెల్లగా. అంటే రెండున్నర నెలలు. జనవరిలో ఆ కాగితం మీద 'లక్షణాలు లేవు' అని రాసినప్పుడు ఇంట్లో జబ్బు మనిషి ఒకరే చాలనుకుందో ఏమో, ఏమీ లేదని చెప్పిందట. శుక్రవారం ఇదే ఇంట్లో, ఇదే దగ్గు విని, నేనే మిరపకాయ మీద వేశాను.

సంచిలో అడుగున డబ్బాలు అట్లే ఉన్నాయి. ఒకటి తీసి పెన్నుతో పేరు రాసి ఇచ్చాను. ఈ రోజు, రేపు ల్యాబు లేదు. మంగళవారం పొద్దున తీయాలి, ఆశా అమ్మాయి వచ్చి తీసుకుపోతుంది. అన్నీ చెబుతుంటే చిన్నాన్న అడ్డొచ్చి, "నువ్వుండు, నేను నేర్పిస్తా. నాకు బాగా వచ్చు," అన్నాడు.

సోమవారం రాత్రికి బెంగళూరు చేరాను. మంగళవారం ఆరున్నరకు చిన్నాన్న నంబరు నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ప్రహరీ గోడ మీద మూత బిగించిన డబ్బా. దాని కింద ఆయన రాసింది రెండే ముక్కలు: 'గళ్లే. ఉమ్మి కాదు.'